గట్టిది

"ఇవాళ ఎన్ని రాళ్లు తెచ్చావ్?" అని గేటు దగ్గర నిలబడి అడిగాడు నా భర్త సిర్గాక్. ఒంటిచక్రం బండిని ఏటి గట్టు నుంచి మా పెరటిదాకా తోసుకొచ్చి, అరచేతుల్లో లేచిన పొక్కులు చూసుకుంటున్నాను. "రెండు బండ్ల గట్టివి తెచ్చాను" అన్నాను. ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు. మా పెళ్లయిన మర్నాటి నుంచి నేను వాటిని గట్టివి అనే అంటున్నాను. ఏట్లో దొర్లీ దొర్లీ నున్నబడ్డవి, ఒక్కోటి గొర్రెపిల్లంత బరువుండేవి, చలికాలం ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేవి, అవన్నీ నాకు గట్టివే. వాటి అసలు పేరు తెలియక కాదు. ఆ పేరులో మా మామగారున్నారు.

మా వైపు కోడలు అత్తింటి పెద్దల పేర్లు నోటితో పలకకూడదు. పేరే కాదు, ఆ పేరులో కలిసున్న మాటను కూడా ఎక్కడా, దేనికీ వాడకూడదు. మా అమ్మ అత్తింట్లో పెద్దాయన పేరు బాల్తా, అంటే గొడ్డలి. మా అమ్మ బతికినన్నాళ్లూ గొడ్డలిని నరికేది అనే అంది. మా అత్తగారి మామగారి పేరులో బంగారం ఉంది, అందుకని ఆవిడ తన చెవిపోగుల్ని పచ్చవి అంటుంది. మొగుడి పేరు విషయంలో మాత్రం మా తరానికి సడలింపు దొరికింది కాబట్టి సిర్గాక్ అని ధైర్యంగా అంటున్నాను. మామగారి పేరు మాత్రం ఇప్పుడే నా నోటితో చెప్పను. ఆ మాట నా నోట ఎప్పుడొచ్చిందో ఆ చోటికి వచ్చాక చెబుతాను. అప్పటిదాకా మీరూ నాతో పాటు గట్టిది అనే అనుకోండి, మీకూ కాస్త తెలిసొస్తుంది.

కొత్తకోడలుగా ఉన్నప్పుడు ఒకసారి మాంసం అన్నం వండాను. మామగారి ముందు పళ్లెం పెట్టి వెనక్కి జరిగేసరికి, ఆయన ఎత్తిన ముద్దలో ఒకటి కనిపించింది. బఠాణీ గింజంత ఉంది, బూడిదరంగులో. నోరు తెరిచాను. మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. "ఆతా, అందులో… అది… గట్టిది…" అని నేను తడబడుతున్నంతలో ఆయన నమిలేశారు. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. పై పన్ను సగానికి విరిగింది. ఆయన చేత్తో దవడ పట్టుకుని బయటికి నడిచారు. అత్తగారు మాత్రం వారం రోజులు అందరికీ చెప్పింది, "మా కోడలికి బియ్యం ఏరడం కూడా రాదమ్మా" అని. తర్వాత పట్నం వెళ్లి ఆయన ఆ పన్ను బంగారంతో కట్టించుకున్నారు. అది ఎందుకు విరిగిందో నేను చెప్పలేను, దేనితో కట్టించారో అత్తగారు చెప్పలేదు. ఎవరైనా చుట్టాలు వచ్చి అడిగితే మా ఇద్దరి మధ్య చూడాలి తమాషా.

నాకూ ఒక పేరుంది. బురుల్‌సున్. మళ్లనీ అని అర్థం. నాకన్నా ముందు అందరూ ఆడపిల్లలే, ఇకనైనా కాన్పు మగపిల్లల వైపు మళ్లనీ అని మా నాన్న నాకు ఆ పేరు పెట్టాడు. అంటే నా పేరు కూడా నన్ను పిలవదు, నా తర్వాత రాబోయేవాణ్ని పిలుస్తుంది. ఈ ఇంటికొచ్చాక ఆ పాటి పిలుపు కూడా లేదు. అత్తగారికి నేను కోడలా, సిర్గాక్‌కి ఇదిగో. మామగారు నన్ను అసలు ఏమనీ పిలవరు, చాయ్ గిన్నె కొంచెం ముందుకు జరుపుతారంతే.

సిర్గాక్ ఈసాను, అంటే యేసును, నమ్ముకున్నది పట్నంలో తాపీపనికి వెళ్లినప్పుడు. ఇంటికొచ్చి చెప్పగానే పెద్ద గొడవైంది. మామగారు ఆ చలికాలమంతా కొడుకుతో మాట్లాడలేదు. అత్తగారు రొట్టె ముక్క విరిచి పెడుతూ ఏడ్చేది. ఆ గొడవ మధ్యలో ఒకరోజు నేను పిండి పిసుకుతుంటే సిర్గాక్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "నువ్వూ నమ్ముతావుగా?" అన్నాడు. మోచేతులదాకా పిండి. "ఊఁ" అన్నాను. నా విశ్వాసం మొదలైంది ఆ ఊఁతోనే. తర్వాత సంఘంలో ఒక్కొక్కరూ తమ సాక్ష్యం చెబుతుంటే, ఒకరికి కలలో వెలుగు కనిపించింది, ఒకరు తాగుడు మానారు. నాకేమో పిండి, ఊఁ. సిగ్గేసేది.

కానీ అది అక్కడే ఆగలేదు. పాలు కాగుతుంటే పొయ్యి పక్కన కూర్చుని సువార్త చదవడం మొదలుపెట్టాను, మొదట్లో ఊరికే, ఈ మనిషి కోసం ఇంత గొడవేంటో చూద్దామని. బావి దగ్గర ఆయన ఒక ఆడమనిషిని నీళ్లడిగిన చోట పాలు పొంగి పొయ్యారిపోయింది. నీళ్లడిగిన మగవాళ్లను నేను చాలామందిని చూశాను. నీళ్లడిగి, తర్వాత ఆమెతో కూర్చుని దేవుడి గురించి మాట్లాడినవాణ్ని అప్పుడే చూశాను. ఆమె ఎదురు ప్రశ్నలు వేసింది, ఆయన విసుక్కోలేదు. ఆ రోజు నుంచి నాకు ఆయనంటే కుతూహలం పట్టుకుంది. ప్రేమ, భక్తి అన్నవి తర్వాత వచ్చాయి. ముందు వచ్చింది కుతూహలమే. పాలు పొంగించానని అత్తగారు తిట్టినా లోపల ఏదో వెచ్చగానే ఉండిపోయింది.

ఆదివారాలు మా ఇంట్లోనే కూడుకుంటాం. సిర్గాక్ వాక్యం చెబుతాడు, బాగా చెబుతాడు. నేను సగమే వింటాను. మా దగ్గర గిన్నెలో చాయ్ నిండుగా పోయకూడదు, పోస్తే ఇక బయల్దేరండి అన్నట్టు. కొంచెం కొంచెంగా పోస్తూనే ఉండాలి. కాబట్టి చాయ్ నీళ్లు కాగే సమోవార్ దగ్గరికీ గదిలోకీ తిరుగుతూనే ఉంటాను. భార్యలు లోబడి ఉండాలి అనే దగ్గర ఎప్పుడూ గదిలోనే ఉంటాను, భర్తలు తమ ప్రాణం పెట్టి ప్రేమించాలి అనే దగ్గరికొచ్చేసరికి సమోవార్ పొంగుతుంది. ఒకసారి సిర్గాక్‌తో అంటే, "నువ్వు చేసేదీ సేవే. మార్తా కూడా అదే చేసింది" అన్నాడు. పనిలో మునిగిన ఆ మార్తాతో, కూర్చుని విన్న నీ చెల్లెలే మంచిది ఎంచుకుందని ఈసా అన్నాడు, అది పొయ్యి దగ్గర నేనూ చదివాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

జనం పెరిగి గది చాలకుండా పోయింది. పెరట్లో వేరే గది కట్టాలన్నారు. పెరడు మామగారిది. సిర్గాక్ అడగడానికి జంకుతుంటే, మామగారే ఒకరోజు చాయ్ తాగుతూ పాత గొర్రెల దొడ్డి వైపు చూపించారు. "గొర్రెల్ని అమ్మేశాం కదా. ఆ జాగాలో మీరు కూర్చోండి" అన్నారు. ఆయన నవ్వించడానికి అన్నారో, నిజంగానే అన్నారో ఎవరికీ అర్థం కాలేదు. సిర్గాక్ మాత్రం అది ప్రభువు కార్యం అని సంఘంలో సాక్ష్యం చెప్పాడు. భూమి కంపించే చోటు మాది, పునాది లోతుగా ఉండాలి. సిర్గాక్‌కి కట్టుబడి పనుంది, వాక్యం పనుంది. ఏటికి వెళ్లే పని నాకొచ్చింది.

పునాది వేసే రోజు ఊరివాళ్లంతా అషార్‌కి వస్తారు, అంటే కూలి లేకుండా తలో చెయ్యి వేసే పనికి. పునాది నింపే ముందు వాక్యం చదవాలని అనుకున్నారు. ఇద్దరు మనుషులు ఇళ్లు కట్టుకున్న భాగం, ఒకడు ఇసుక మీద, ఇంకొకడు… దాని మీద. మా సంఘంలో అందరికన్నా పెద్దది సోనున్ అక్క. చూపు ఆనదు కానీ నోరు మాత్రం చురుకు. "చదివేది బురుల్‌సున్ చదవాలి" అంది. "వేసవంతా మోసింది ఎవరు? మోసినవాళ్ల నోట వినాలనుంది నాకు." సిర్గాక్ మంచి ఆలోచన అని తలూపాడు, సంతోషంగానే. అందరూ ఆమెన్ అన్నారు. వాకిట్లో చెప్పులేసుకుంటూ సోనున్ అక్క నా మోచెయ్యి పట్టుకుంది. "నువ్వు తాష్తాన్ కోడలివి కదూ" అని మెల్లగా అంది. "తాష్ అంటే రాయే కదా. ఏం చేస్తావో చూద్దామని ఉందే పిల్లా." ముసలావిడకి అదొక సరదా అనుకున్నాను అప్పుడు.

సిర్గాక్‌కి ఆ సంగతి తట్టింది భోజనాల దగ్గర. చెంచా పళ్లెంలో పెట్టేశాడు.

"అందులో ఆ మాట రెండుసార్లు వస్తుంది" అన్నాడు.

"వస్తుంది. చూశాను."

"గట్టిది అని చదివెయ్. అందరికీ అర్థమవుతుంది. ఎవరూ తప్పుపట్టరు."

"ఉన్నమాట మార్చి చదవొచ్చా? పోయిన నెల ఎవరో ఒక మాట వదిలేసి చదివితే మీరు ఆపి మళ్లీ చదివించారు."

"అది వేరు. చూడు, నాన్న పెరడిచ్చాడు. ఊరంతా ఉంటారు. నలుగురిలో కోడలి నోట తన పేరు వింటే ఆయన తల ఎక్కడ పెట్టుకుంటాడు? రేపు జాగా లేదు పొమ్మంటే? ఇప్పుడిప్పుడే ఆయన మనసు మెత్తబడుతోంది. ఆయన ఆత్మ కన్నా నీకొక మాట ఎక్కువా?"

ఆయన ఆత్మ బరువు కూడా నా బండిలోనే వేశాడే అనిపించింది. అందుకే అడిగాను. "చచ్చిపోయినవాళ్ల పేర రొట్టెలు వేయించి దువా చదివించడం మానేశారు. మీ నాన్న అప్పుడూ బాధపడ్డాడు. అది మానేసి ఇది ఎందుకు ఉంచారు?"

"అది మతం. ఇది మర్యాద."

"ఆ మర్యాద ఎవరు చేస్తున్నారు?"

"తిను, చల్లారిపోతోంది" అన్నాడు.

మర్నాడు ఏటి దగ్గర ఒక్కదాన్నే ఉన్నాను. నీళ్ల హోరు, అవతలి గట్టున ఎవరిదో ఆవు. సరే, ఇక్కడ ఎవరున్నారు, ఒకసారి అనిచూద్దాం అనుకున్నాను. ఒకదాన్ని రెండు చేతులతో ఎత్తి ఒళ్లో పెట్టుకుని, నోరు తెరిచాను. రాలేదు. మళ్లీ ప్రయత్నించాను. నాలుక పై పళ్లకు ఆనింది, అక్కడే అతుక్కుంది. భలే చిత్రంగా అనిపించింది. ఎవరికి భయపడుతున్నాను? మామగారు మంచాన కునుకు తీస్తుంటారు. ఆవు చెప్పదు. ఆయనంటే నాకు కోపం లేదు, పెద్ద భయమూ లేదు. మరి నా నోటిని మూస్తున్న చెయ్యి ఎవరిది? నా గురించి నాకు తెలియని గది ఒకటి నా లోపలే ఉన్నట్టు, దాని తలుపు సందులోంచి తొంగి చూస్తున్నట్టు కూర్చుండిపోయాను. ప్రార్థన చేసుకుందామని కళ్లు మూసుకున్నాను. ఎప్పుడూ మొదలుపెట్టేలాగే మొదలుపెట్టాను, "ప్రభువా, నా గట్టిదానా" అని. అన్నాక కళ్లు తెరిచాను.

నమ్ముకున్న నాటి నుంచి దేవుణ్ని అలాగే పిలుస్తున్నాను. సంఘంలో అందరూ ఆయన్ని నిజమైన మాటతో పిలుస్తారు, కదలనివాడా అని, నా ఒళ్లో ఉన్నదాని అసలు పేరు కూడా కలిపి. నేను మనసులో కూడా, ఎవరూ వినని చోట కూడా, దాన్ని తప్పించి పిలుస్తున్నాను. అంటే ఆయన దగ్గరికి వెళ్లినప్పుడల్లా, దారిలో మామగారు కూర్చునుంటే తల దించుకుని, కొంగు సర్దుకుని, ఆయన పక్క నుంచి ఒదిగి వెళ్తున్నానన్నమాట. ఏడుపొచ్చింది. అంతలోనే నవ్వూ వచ్చింది. నా విశ్వాసానికి పునాది ఏంటని ఎవరైనా అడిగితే ఈసా అని చెప్పేదాన్ని. తవ్వి చూస్తే దాని కింద ఇంకొకటుంది. అది నేను వేసుకున్నది కాదు, పెళ్లి మర్నాడు వీళ్లు నా తలకు గుడ్డ కడుతూ కడుతూ వేసింది. ఆ ఇద్దరు మనుషుల కథలో ఇళ్లు రెండూ బయటికి ఒకలాగే ఉండుంటాయి. కింద ఏముందో వాన పడి వరద వచ్చేదాకా ఎవరికీ తెలియదు. ఇద్దరూ విన్నారు, ఒకడు చేశాడు, అంతే తేడా. నేను ఎప్పుడూ సగమే విన్నాను. చెయ్యడానికి ఆ సగం చాలదా అని మొదటిసారి అనుకున్నాను.

సాయంత్రం అత్తగారితో పిండి పిసుకుతూ అడిగాను. "ఆపా, మీరెప్పుడైనా మీ మామగారి పేరు అనిచూశారా? ఎవరూ లేనప్పుడు?" ఆవిడ చేతులు ఆగాయి. "నీకు పిచ్చా? ఆయన శవం దగ్గర కూడా అనలేదు" అంది. తనే మళ్లీ, "చిన్నప్పుడు మా అమ్మ జోలపాటలో ఆ మాట ఉండేది. పచ్చది అని పాడితే పాట కుదరదు. అందుకే నా పిల్లలకి ఆ పాట పాడలేదు" అంది. ఆవిడ ముఖం తిప్పుకుని, "పిండి గట్టిగా ఉంది, నీళ్లు చిలకరించు" అంది.

అషార్ రోజు ఊరంతా వచ్చింది. మగవాళ్లు తెల్లారేసరికి కందకం తవ్వేశారు. నేను పొద్దుటి నుంచి నూనె మూకుడు ముందు బోర్సోక్‌లు వేయిస్తున్నాను, వేళ్లన్నీ పిండి. గొర్రెను కోసినప్పుడు ఊరి పెద్దలు రక్తాన్ని పునాదిలో పట్టమన్నారు, అది మా దగ్గర పాత పద్ధతి. సిర్గాక్ అందరి ముందూ అడ్డంగా నిలబడ్డాడు. "మా పునాదిలో రక్తం పొయ్యం. మా విశ్వాసం ఒప్పుకోదు" అన్నాడు. పెద్దలు గొణిగారు. గోడ పక్కన మందపు ఉన్ని ఫెల్టు దుప్పటి మీద కూర్చున్న మామగారి వైపు చూశారు. ఆయన కందకం వైపే చూస్తూ కూర్చున్నారు. నాకు సిర్గాక్‌ను చూస్తే గర్వమనిపించింది, అబద్ధమెందుకు. మరుక్షణం లోపల భగ్గుమంది. ఊరి ముందు, తండ్రి ముందు, తన కోసం ఆచారం కాలదన్నే ధైర్యం ఈయనకుంది. అప్పుడు ఈయనకి మర్యాద గుర్తు రాలేదు.

"బురుల్‌సున్, రా" అని పిలిచింది సోనున్ అక్క. చేతులు కొంగుకి తుడుచుకుని కందకం అంచున నిలబడ్డాను. నేను తెచ్చినవన్నీ పక్కన కుప్పగా ఉన్నాయి. ఏది ఏ రోజు తెచ్చానో కూడా నాకు గుర్తే. సిర్గాక్ పుస్తకం నా చేతిలో పెడుతూ, "గట్టిది" అని పెదాలతో మాత్రమే అన్నాడు. చదవడం మొదలుపెట్టాను. వినేవాడు, విని చేసేవాడు, బుద్ధిమంతుడు, తన ఇల్లు. అక్కడ ఆగాను. నాలుక మళ్లీ పళ్లకు ఆనింది. అందరూ చూస్తున్నారు. సిర్గాక్ మెడ మీద నరం కనిపిస్తోంది. అత్తగారి చేతిలో గరిటె ఉంది. నేను మామగారి వైపు చూడలేదు, ఆకాశం వైపూ చూడలేదు. ఆ కుప్ప వైపు చూశాను. ప్రభువా, ఇన్ని మోశాను, ఒక్కదాని పేరు చెప్పనివ్వు, అనుకున్నాను.

"రాయి" అన్నాను. "రాయి మీద కట్టుకున్నాడు."

నా గొంతే అది. అనుకున్నదాని కన్నా పెద్దగానే వచ్చింది. అత్తగారి గరిటె మూకుడులో పడి నూనె చిందింది. ఆడవాళ్లలో ఎవరో చప్పున ఊపిరి పీల్చారు. పెరటి చివర మట్టి ఎత్తుతున్న పారల చప్పుడు ఆగిపోయింది. మామగారు ఫెల్టు మీద నుంచి చెయ్యి ఆన్చి లేచారు. ఇక వెళ్లిపోతారు, పెరడు పోయింది, అంతా నా వల్లే అనుకున్నాను. ఆయన నెమ్మదిగా నడిచొచ్చి నా ఎదురుగా ఆగారు. ఇరవయ్యేళ్లలో మొదటిసారి నా ముఖంలోకి నేరుగా చూశారు. తర్వాత వేలితో పై పెదవి పైకెత్తి, ఎండలో మెరుస్తున్న ఆ బంగారు పన్ను చూపించారు.

"ఈ మాట ఆ రోజే అనుంటే నా పన్ను నాకుండేది కదమ్మా" అన్నారు.

ముందు సోనున్ అక్క నవ్వింది. తర్వాత ఒకళ్లిద్దరు. అందరూ నవ్వలేదు. ఊరి పెద్దల్లో ఒకాయన టోపీ దులుపుకుని వెళ్లిపోయాడు. అత్తగారు నన్ను చూడకుండా నూనె తుడుస్తోంది, కానీ ఆవిడ పెదాలు కదులుతున్నాయి, ఏదో మాటను లోపలే రుచి చూస్తున్నట్టు. సిర్గాక్ ముఖం ఎర్రబడింది. చప్పున ముందుకొచ్చి పుస్తకం అంచు పట్టుకున్నాడు. "చాలు, సంతోషం. ప్రార్థన చేసుకుని పని మొదలుపెడదాం" అన్నాడు, అందరికీ వినపడేలా. నాకు మాత్రమే వినపడేలా, "ఇంక వదులు" అన్నాడు.

నేను పుస్తకం వదల్లేదు. వాన కురిసేదీ, ఆ మాట రెండోసారి వచ్చేదీ కింది వరుసలో ఉన్నాయి.

"ఆగండి" అన్నాను. "ఇంకా వాన పడలేదు."